ఆ ఏడు కంది పచ్చగానే ఉంది

మా వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం అనే మాట వాళ్ళ నోట తరచుగా వస్తుంది. మా రోజుల్లో దానికి అంత పెద్ద పేరు లేదు. మెట్ట సేద్యం అనేవాళ్ళం, అంతే. వాలుకు అడ్డంగా దున్నండి, పడ్డ వానను పొలం దాటనివ్వకండి, ఒక్క పంటనే నమ్ముకోకండి అని చెప్పేవాళ్ళం. ఇప్పుడు వీళ్ళు చెబుతున్నదీ అదే, కాకపోతే మేము గోడమీద సుద్దముక్కతో రాసి చెప్పింది వీళ్ళు తెరమీద బొమ్మలు వేసి చెబుతున్నారు.

"మేడం, మీ సర్వీసులో బాగా విజయవంతమైన పని ఒకటి చెప్పండి" అని అడుగుతారు. నేను ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తాను. నిజానికి నా ఉద్యోగం మొత్తంలో పుస్తకంలో ఉన్నట్టే కుదిరిన పని ఒక్కటే ఉంది. దాని గురించి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. విన్నాక ఇందులో నేర్చుకోవడానికి ఏముందో మీరే చూసుకోండి. జరిగింది మాత్రం దాచకుండా చెబుతాను.

తొంభైల నడుమ నన్ను ఉదయగిరిలో వేశారు. మాది పెన్న కాలవ కింద ఏటా రెండు పంటలు వరి పండే ఊరు. ఆర్డరు చూసి మా అమ్మ, "కాలవ లేని ఊళ్ళో మనుషులు ఏం తింటారే?" అని నిజంగానే అడిగింది. నాకూ తెలీదు. వ్యవసాయ కళాశాలలో మెట్ట సేద్యం పరీక్షలో మంచి మార్కులు వచ్చిన మాట నిజమే కానీ, మెట్టమీద ఒక్క పూట నిలబడింది లేదు. ఆడవాళ్ళకు సేద్యంలో శిక్షణ ఇచ్చే పథకం ఒకటి అప్పుడే మొదలైంది. దానికి ఆడ ఆఫీసరు కావాలి. అందుకని నేను.

ఉదయగిరి ఊరు అయిపోయి ఆత్మకూరు రోడ్డు మొదలయ్యే చోట, చివరి ఇళ్ళు దాటాక ఒక కాలనీ ఉండేది. క్రైస్తవ కుటుంబాలు. ఒక చిన్న ప్రార్థన మందిరం, ముప్పై దాకా ఇళ్ళు. ప్రభుత్వం ఆ కుటుంబాలకు పట్టా ఇచ్చిన భూములు రెండు చోట్ల ఉన్నాయి. కొన్ని రోడ్డు పక్కనే, కొన్ని లోపల వాగు అవతల. రెండూ ఒకే రకం నేల. గులకరాళ్ళు, ఎర్రమట్టి, కొండ దిగువ వాలు. ఎవరికీ అక్కర్లేని నేల కాబట్టే వాళ్ళ దాకా వచ్చింది. ఒక్కొక్కరికి రెండు చోట్లా కలిపి ఎకరం, ఎకరన్నర. ఆ సేద్యం మీదే బతికేవాళ్ళు కాదు. ఆడవాళ్ళు తెల్లవారి లేచి టౌనులో గడ్డిమోపులు, కట్టెలు అమ్ముకుని వచ్చి, వాగు అవతలి ఊళ్ళో రైతుల వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్ళు. సొంత చేనికి మిగిలిన పొద్దు ఇచ్చేవాళ్ళు.

వాళ్ళలో ఒకామెను అందరూ పెద్దక్క అని పిలిచేవాళ్ళు. యాభై ఏళ్ళు ఉంటాయి. నేను మొదటిసారి వెళ్ళి, సజ్జలో కంది, కంది మధ్య అలసంద, గట్లమీద ఆముదం వేస్తే ఒకటి పోయినా ఒకటి దక్కుతుందని ఛార్టు పెట్టి చెప్పాను. ఆమె మందిరం అరుగుమీద కూర్చుని చివరిదాకా విని, "మా అత్త ఉన్నప్పుడు ఇట్టే వేసేవాళ్ళం లేమ్మా. మీ ఆఫీసోళ్ళు వచ్చి ఇవన్నీ ఎందుకు, శెనక్కాయ ఒక్కటే వెయ్యమన్నారు. మళ్ళా మీరే వచ్చి పాతదే వెయ్యమంటా ఉండారు. ఏంది ఈ కథ?" అంది.

ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా వెనక మా గ్రామసేవక్ నిలబడి ఉన్నాడు. ఆ ఉద్యోగం పేరు ఎప్పుడో మారినా ఊళ్ళల్లో ఆయన్ని అలాగే పిలిచేవారు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. సైకిలుమీద ఆ చుట్టుపక్కల ప్రతి చేనూ తిరిగిన మనిషి. ఆయన గొంతు సవరించుకుని, "శెనక్కాయ వెయ్యమని చెప్పింది నేనేలే పెద్దక్కా. అప్పుడు అట్ట చెప్పమన్నారు, చెప్పినాను" అన్నాడు.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఇట్ట చెప్పమంటా ఉండారు. అయితే ఈసారి చెప్పేది నిజం" అన్నాడు.

ఆ మాటకే ఆమె ఒప్పుకుందని నా నమ్మకం. నా ఛార్టు చూసి కాదు.

పదముగ్గురు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. నలుగురికీ చూపించే నమూనా చేను ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాకు తేడా వచ్చింది. వాగు అవతలి ముక్కల్లో పెట్టమన్నాడు గ్రామసేవక్. "రోడ్డు పక్కన వద్దమ్మా. పొయ్యే జీపల్లా ఆగతాది. లోపలైతే కావాల్సినోళ్ళు నడిచొచ్చి చూసుకుంటారు, లోపలూరి రైతులకూ దగ్గర." ఆత్మకూరులో ఉండే మా పై అధికారికి మాత్రం రోడ్డు పక్కనే కావాలి. ఇక్కడ నేను ఆయనమీదికి తోసేస్తే అబద్ధమవుతుంది. నాకూ రోడ్డు పక్కనే కావాలి. ఇరవై ఏడేళ్ళ వయసు. పెద్దవాళ్ళెవరైనా వచ్చి జీపు దిగి పది అడుగులు వేస్తే నేను చేసింది కనపడాలని ఉండేది. ఆరోజుకు ఏం మాట్లాడాలో కూడా రాత్రిళ్ళు పడుకుని తయారు చేసుకునేదాన్ని.

వేసవిలోనే, రోడ్డు పక్క ముక్కల్లోనే పని మొదలుపెట్టాం. రెండు కర్రలు, వాటికో అడ్డకర్ర, మధ్యలో దారంకట్టి వేలాడదీసిన రాయి. దాంతో వాలుకు సరిగ్గా అడ్డంగా గీతలు పెట్టవచ్చు. చదువురాని ఆడవాళ్ళు ఒక్క పూటలో నేర్చుకున్నారు. నాకు కళాశాలలో రెండు రోజులు పట్టింది. ఆ గీతల వెంట రాళ్ళు ఏరి చిన్న కట్టలు వేశారు. ప్రతి చేను దిగువన నీళ్ళు నిలిచేలా ఒక గుంత తవ్వారు. కూలికి పోయి వచ్చి, ఆ మిగిలిన పొద్దులోనే. పెద్దక్క భర్తకు ఎప్పుడూ దగ్గు. బరువు ఎత్తలేడు. ఆయన కూర్చుని సన్నరాళ్ళు అందిస్తుంటే ఆమె పేర్చేది.

జులైలో ఒక మంచి వాన పడింది. ఊరూవాడా విత్తనం వేశారు. మావాళ్ళూ వేశారు. ఆ తర్వాత ఆగస్టులో రెండు జల్లులు. సెప్టెంబరులో మబ్బులు కొండమీదుగా పోయాయి. అంతే.

వాగు అవతలి ఊళ్ళో వేరుశనగ పూత పూసింది. ఆ పూతనుంచి ఊడ దిగి మట్టిలోకి వెళితేనే కాయ. మట్టి అప్పటికే ఇటుకలా అయిపోయింది. ఊడలు నేలను తాకి, దిగలేక, అక్కడే మాడిపోయాయి. దసరా నాటికి రైతులు చేలు పీకేసి, ఉన్న నాలుగు ఆకులు పశువులకు వేసేశారు. మా ఆడవాళ్ళ చేలల్లో మాత్రం అలసంద రెండు కోతలు వచ్చింది. సజ్జ సగం గింజ పట్టింది. కంది, ఆముదం నిలిచాయి. పడ్డ ఆ కాస్త వానా కట్టల దగ్గర ఇంకి, కింద తేమ మిగిలింది. పుస్తకంలో ఎలా ఉందో అలా.

కార్తీకంలో అసలు వాన రావాలి మాకు. ఆ ఏడు నెల్లూరు వైపు కాస్త పడిందన్నారు. మా దాకా రాలేదు. అయినా కంది పచ్చగానే ఉంది. పసుపు పూత కూడా వచ్చింది. ఆత్మకూరు బస్సులో వచ్చేవాళ్ళు కిటికీలోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. చుట్టూ మైళ్ళ దూరం ఎర్రటి నేల, మధ్యలో మా పచ్చటి ముక్క. ఆ బస్సులో ఉన్నప్పుడు నా పక్కన కూర్చున్నవాళ్ళకు అది నాది అని చెప్పుకున్న రోజులున్నాయి.

నేను పచ్చదనం చూశాను. పెద్దక్క రోజూ కాయ ఒలిచి చూసేది. పూత రాలిపోతోంది, నిలిచిన కాయలో గింజ లేదు. "తొక్కే గానీ లోపల ఏం లేదమ్మా. ఇంకొక్క వాన పడాల" అంది ఒకటి రెండు సార్లు. పడుతుందిలే అన్నాను.

దీపావళి వెళ్ళాక కరువు పరిశీలన బృందం వస్తోందని తెలిసింది. ఏ మండలాలను కరువు మండలాలుగా ప్రకటించాలో వాళ్ళ నివేదికను బట్టి ఉంటుందన్నారు. ప్రకటిస్తే పశువులకు గడ్డి డిపో పెడతారు, కూలీలకు కరువు పనులు పెడతారు, పంట రుణాలు వాయిదా వేస్తారు. మా మండలంలో చూపించాల్సింది వాగు అవతలి ఊరి చేలు. ఆ ఊరి రైతులంతా చూపించడానికని దాచిన ఎండు వేరుశనగ కట్టలు గట్లమీద పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ముందురోజు మా పై అధికారి కబురు పంపించారు. లోపలికి పోయేముందు మన రోడ్డు పక్క చేను దగ్గర అయిదు నిమిషాలు ఆపుదాం, తయారుగా ఉండమని. నేను మంచి చీర ఇస్త్రీ చేసుకున్నాను.

వాళ్ళు పన్నెండింటికి రావాల్సింది నాలుగున్నరకు వచ్చారు. మూడు జీపులు. బృందంలో పెద్దాయన హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి. అలసిపోయి ఉన్నాడు. పొద్దు వాలిన వెలుతురులో కంది ఇంకా అందంగా ఉంది. ఆయన మొహం మారింది. ఎండిన చేలు చూసి చూసి వచ్చాడేమో, నిజంగా సంతోషించాడు.

"ఇది బోరు కిందా?"

"కాదు సార్. పూర్తిగా వర్షాధారం. ఒక్క తడి కూడా పెట్టలేదు."

"ఈ ఏడు పడిన వర్షానికేనా?"

"ఈ ఏడు పడిన వర్షానికే సార్" అన్నాను.

నేను తయారు చేసుకున్నదంతా చెప్పాను. కట్టలు, గుంతలు, మూడు పైర్లు. ఆయన మంచి ప్రశ్నలు వేశాడు. అయిదు నిమిషాలన్నది అరగంట అయింది. నా వెనక గ్రామసేవక్ రెండుసార్లు దగ్గాడు. మూడోసారి ఉండబట్టలేక, "అయ్యా, లోపలూళ్ళో శెనక్కాయ మొత్తం పోయింది. రెండు మైళ్ళే. ఒక్కసారి చూస్తే" అన్నాడు.

అధికారి గడియారం చూసుకుని, దూరంగా కనపడుతున్న ఎర్ర నేలను చూశాడు. "అది పంట తీసేసిన నేల కదా?" అన్నాడు. పంట ఎండి పీకేసిన చేను, పండి తీసేసిన చేను దూరంనుంచి ఒకేలా ఉంటాయి. ఆ సంగతి చెప్పడానికి గ్రామసేవక్ నోరు తెరిచేలోపే పెద్దక్క ముందుకొచ్చింది. ఆమె చేతిలో కంది కొమ్మ ఉంది. "సారూ, ఒక మాట సారూ" అని కొమ్మ ఆయన ముందు పట్టుకుంది.

నేనేం చేశానో చెబుతాను. ఆమె భుజంమీద చెయ్యి వేసి వెనక్కి జరిపాను. "పెద్దక్కా, సార్‌కు ఆలస్యమవుతోంది. తర్వాత మాట్లాడుదువులే" అన్నాను. నా స్వరం కోపంగా కూడా లేదు. ఇంటికి వచ్చిన చుట్టాల ముందు పెద్దవాళ్ళను సర్దిచెప్పినట్టు, నవ్వుతూ అన్నాను. ఆమె కొమ్మ కిందికి దించుకుంది.

"పద్ధతి ప్రకారం చేస్తే ఈ వానకే పంట వస్తోంది" అన్నాడు ఆయన తన పక్కవాళ్ళతో. ఒకతను రాసుకున్నాడు. జీపులు ఎక్కారు. చీకటి పడేలోపు వేరే మండలం చేరాలని, లోపలి ఊరికి పోకుండానే వెళ్ళిపోయారు. వెళుతూ మా పై అధికారి కిటికీలోంచి నాకు శభాష్ అన్నట్టు చెయ్యి ఊపారు.

దుమ్ము అణిగాక గ్రామసేవక్ సైకిలు స్టాండు తీస్తూ, "వాళ్ళకు చెప్పి రావాల గదమ్మా. పొద్దుట్నించి గట్లమీద కూర్చోనుండారు" అన్నాడు. నేను రానా అంటే వద్దన్నాడు. ఒక్కడే వెళ్ళాడు.

డిసెంబరులో జాబితా వచ్చింది. పక్క మండలం మర్రిపాడు ఉంది. మా మండలం లేదు.

నేను న్యాయంగా ఉండాలి. ఒక్క చేను చూసి ఒక మండలాన్ని తీసేస్తారా? తీసెయ్యరనే ఇప్పటికీ నా బుద్ధి చెబుతుంది. వాన లెక్కలున్నాయి, ఇంకేవో కారణాలున్నాయి, పెద్దవాళ్ళ పలుకుబడులున్నాయి. కానీ నివేదిక నకలు మా పై అధికారి నాకు చూపించారు. మా మండలం గురించి అందులో ఉన్నది రెండు వాక్యాలు. రోడ్డు వెంట చూసిన చోట మెట్ట పైర్లు తృప్తికరంగా ఉన్నాయని ఒకటి. ఒక మహిళా అధికారి కృషి మెచ్చుకోదగినదని రెండోది. నేనా రెండోది రెండుసార్లు చదువుకున్నాను. మొదటిది ఆ తర్వాత చదివాను.

గడ్డి డిపో రాలేదు. పనులు రాలేదు. మర్రిపాడు మండలంలో చెరువు పని పెట్టారని విని కాలనీ ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి నడిచి వెళ్ళారు. పేర్లు రాసుకునే మేస్త్రీ ఏ ఊరని అడిగి, మీది మా మండలం కాదు పొమ్మన్నాడు. ఆ మధ్యాహ్నం వాళ్ళు తిరిగి వస్తుంటే నేను రోడ్డుమీద ఎదురయ్యాను. గంపల్లో పలుగులు, పారలు అలాగే ఉన్నాయి. "వందనాలమ్మా" అన్నారు ఎప్పటిలాగే. ఎవరూ ఆగలేదు.

తర్వాతి ఆదివారం కాలనీ అంతా ఆరాధనలో ఉండగా లోపలి ఊరి పశువుల్ని రోడ్డు పక్క చేలల్లోకి తోలారు. సోమవారం నేను వెళ్ళేసరికి కంది మొదళ్ళు మాత్రం మిగిలాయి. ఆముదం పశువులు తినవు కాబట్టి అది నిలబడి ఉంది. రాతికట్టలు గిట్టలకింద చెదిరిపోయాయి. పెద్దక్క ఒక కట్టమీద కూర్చుని ఉంది.

"తోలెయ్యలేదా మీరు?" అన్నాను.

"పాట అయిపోయి బయటికొచ్చేతలికి సగం అయిపోయినాది. తోలదామనే పోయినాను. పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు వాటికి. అవీ ఆకలిమీద ఉండాయి గదమ్మా. ఎట్ట తోలేది?"

"పోలీసులకు రాసిద్దాం."

ఆమె నన్ను మొదటిసారి కోపంగా చూసింది. "రాసిచ్చి? ఎల్లుండి నువ్వు ఆత్మకూరు పోతావు. మేం వాళ్ళ చేలకే కూలికి పోవాల."

నేను ఊరుకోలేక లోపలి ఊరికి వెళ్ళాను. ఆ ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన, నలుగురూ మాట వినే మనిషి, పంచలో కూర్చుని ఉన్నాడు. కుర్చీ వెయ్యమన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. ఆ తర్వాత మాట్లాడాడు.

"పశువుల్ని తోలింది తప్పే. నేను తోలమన్లా, ఆపనూ లేదు. మొన్న ఇరవై తలకాయలు కటికోళ్ళకు తోలినాం. నా చేతుల్తో పెంచినవి. నువ్వు చదువుకున్న బిడ్డవి, ఒకటి అడగతా చెప్పు. ఆ సారుకు నీ చేను చూపించినావు, మంచిది. ఇది పదమూడు మందిదే, మిగతా ఊరంతా ఎండిపోయిందని ఒక్క మాట చెప్పినావా?"

చెప్పలేదు. గ్రామసేవక్ చెప్పాడు, పెద్దక్క చెప్పబోయింది. నేను చెప్పలేదు. అదే ఆయనతో అన్నాను.

"అట్టయితే ఇంక పో తల్లీ" అన్నాడాయన. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని దారి పొడుగునా అనుకున్నాను.

కూలి పనులు లోపలి ఊళ్ళోనూ లేవు. ఉన్న కాస్త పనికీ ఆ పదముగ్గురిని పిలవలేదు. వాళ్ళకేం, పంట పండింది గదా అనేవాళ్ళు. పండింది ఎంతో నాకు తెలుసు. పెద్దక్క ఇంట్లో రెండు కుంచాల సజ్జ, ఒక చాటలో అలసందలు. ఆ పదముగ్గురిలో ఒకామె నా ముందే పెద్దక్కతో, "నువ్వు చెప్పబట్టే గదా చేసినాం" అంది. పెద్దక్క నావైపు చూపించి తప్పించుకోవచ్చు. "అవును, నేనే చెప్పినాను" అంది.

సముద్రం వైపు అప్పుడు రొయ్యల గుంటలు జోరుగా తవ్వుతున్నారు. క్రిస్మస్ దాటగానే కాలనీలో సగం ఇళ్ళు తాళాలు వేసి ఆ వైపు పోయాయి. పెద్దక్క, భర్త కావలి బస్సు ఎక్కినరోజు నేను బస్టాండుకు వెళ్ళాను. ఒక మూట, ఒక వంటగిన్నె, ఒక బైబిలు. ఆయన దగ్గుతూ సీటులో ఒరిగి కూర్చున్నాడు.

"వానలొస్తే వచ్చెయ్యండి. విత్తనాలు నేను తెచ్చి పెడతాను" అన్నాను.

"విత్తనాలదేముందిలేమ్మా" అంది ఆమె. మూట ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది, బస్సు కదిలింది.

జనవరి ఇరవై ఆరున నెల్లూరులో నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. వద్దని చెప్పవచ్చని నాకు అప్పుడు తోచలేదని రాద్దామనుకున్నాను. తోచింది. మూడు రోజులు ఆలోచించాను. మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేశాడు, పై అధికారికి కోపం వస్తుంది, నేను మానుకుంటే ఎవరికి లాభం అని కారణాలు పోగుచేసుకుని, పట్టుచీర కట్టుకుని వెళ్ళి తీసుకున్నాను. గ్రామసేవక్ నన్ను అభినందించాడు. ఆ మనిషికి ఎకసెక్కం తెలీదు. నిజంగానే అభినందించాడు. "పైరు బాగా వచ్చిన మాట అబద్ధం కాదు గదమ్మా" అన్నాడు. ఆయన తర్వాతి ఏడాది రిటైరై, ఎక్కువకాలం బతకలేదు.

ఆ తర్వాత చాలా మండలాలు తిరిగాను. అదే పని చేశాను, ఎందుకంటే పని మంచిదే. వాలుకు అడ్డంగా దున్నడం తప్పు కాదు, కందిలో అలసంద తప్పు కాదు. కానీ మళ్ళీ ఎప్పుడూ రోడ్డు పక్కన పెట్టలేదు. గుట్టల వెనక, వాగుల అవతల పెట్టాను. కరువు ఏడు ఏ బృందం వచ్చినా అన్నిటికంటే ఎండిన చేను దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టేదాన్ని. పచ్చగా ఉన్నవాళ్ళకు ఆరోజు ఇంటి దగ్గరే ఉండమని చెప్పేదాన్ని. ఒకసారి ఒక రైతు, "మేడం, నా చేను చూపించరా? నేనేం తప్పు చేసినాను?" అని చిన్నబుచ్చుకున్నాడు. అలా నేను చేయించిన మంచి చేలన్నీ దాచిపెట్టుకుంటూ పోయాను. చూస్తేనే గదా పక్కరైతు నేర్చుకునేది. ఎవరూ చూడలేదు. నేను మారిపోగానే ఒక్కొక్కటే మళ్ళీ ఒంటి పంట అయిపోయాయి. ఇదీ నా సర్వీసు.

ఉదయగిరి దగ్గర ఆ రోడ్డు పక్క భూముల్లో ఇప్పుడు ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. సాగు చెయ్యకుండా వదిలేసిన పట్టాలు ఎలా చేతులు మారాయో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. ఊరు అటువైపు పెరిగింది, అంతే.

చెప్పకుండా దాటేద్దామనుకున్నది ఒకటి మిగిలింది. అదీ చెప్పేస్తాను.

ఉదయగిరి వదిలిన నాలుగో ఏట నన్ను సముద్రం వైపు మండలానికి మార్చారు. ఆడవాళ్ళ సంఘాల పనిమీద ఒకరోజు రొయ్యల తలలు తీసే షెడ్డుకు వెళ్ళాను. పొడుగాటి బల్లల దగ్గర వరసలుగా నిలబడి ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. కాళ్ళకింద నీళ్ళు, బల్లలమీద మంచు. నన్ను చూసి ఒకామె తల ఎత్తింది. పెద్దక్క. జుట్టు మొత్తం తెల్లబడింది. మంచులో నాని నాని వేళ్ళ చివర్లు సున్నంలా అయిపోయాయి, గోళ్ళ దగ్గర గుడ్డపీలికలు చుట్టుకుంది. భర్త రెండేళ్ళ కింద పోయాడని చెప్పింది. ఊరికి తీసుకుపోయి పూడ్చి, మళ్ళీ వచ్చేసిందట.

నేను ఏదో అనాలని నిలబడ్డాను. ఏళ్ళ తరబడి అనుకున్న మాటలు ఉన్నాయి. ఈలోపు ఆమె పక్కనున్న ఆడవాళ్ళవైపు తిరిగి, వాళ్ళందరికీ వినపడేలా చెప్పింది.

"ఈ మేడమే మాకు సేద్యం నేర్పించింది. ఆ ఏడు మా చుట్టుపక్కల ఒక్కరికీ పంట లేదు. మా కంది చూడను బస్సులు ఆపేవాళ్ళు."

ఆమె గొంతులో గర్వం తప్ప ఇంకేం లేదు. నేను వెతికాను. ఆడవాళ్ళంతా నన్ను గౌరవంగా చూశారు. వాళ్ళలో ఒక చిన్నపిల్ల, కొత్తగా పనిలో చేరినట్టుంది, రొయ్య చేతిలో పట్టుకుని, "అంత బాగా పండితే ఇక్కడికి ఎందుకొచ్చినావు పెద్దక్కా?" అని అడిగింది.

పెద్దక్క నావైపు చూడలేదు. మంచులోంచి ఇంకొక రొయ్య తీసి, తల తుంచి పక్కన పడేసింది.

"వానల్లేవు గదమ్మా. అందుకని వచ్చేసినాం" అంది.

అదే మొత్తం నిజం కాదని చెప్పాల్సిన మనిషిని నేను ఒక్కదాన్నే అక్కడ ఉన్నాను. సూపర్‌వైజరు వచ్చి సంఘం కాగితాలు అడిగాడు. బ్యాగులోంచి తీసి ఇచ్చాను.